కాలర్‌కి కత్తిరించిన కాగితం

సంచి సర్దడం నాకు బాగా చేతనైన పని. అయినా ఆ ఆదివారం పొద్దున్న మా మరదలు నన్ను సర్దనివ్వలేదు. నేను మడతపెట్టి సంచిలో పెట్టిన ప్రతి చొక్కానీ ఆమె బయటికి తీసి, దులిపి, జేబులు తిరగేసి చూసి, మళ్ళీ మడతపెట్టేది. నేను పెట్టడం, ఆమె తియ్యడం. నాలుగు చొక్కాలయ్యేసరికి నాకు ఒళ్ళు మండింది.

జేబుల్లో ఏముంటుంది, నిన్ననే కదా ఉతికాను అన్నాను. "చూస్తున్నాను వదినా" అంది తప్ప దేనికోసమో చెప్పలేదు.

మర్నాడు మా తమ్ముడు నగరంలో పెద్దాసుపత్రికి వెళ్ళాలి. గొంతులో, కుడివైపు టాన్సిల్ దగ్గర క్యాన్సర్ అన్నారు. ముప్పై అయిదు సార్లు కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలట. వారానికి అయిదు రోజులు, ఏడు వారాలు. వారానికోసారి సెలైనులో మందు కూడా. ఆసుపత్రి వెనక వీధిలో ఒక గది తీసుకున్నారు. మా మరదలు కళ్ళద్దాల దుకాణంలో పనికి సెలవు పెట్టి వెంట వెళ్తోంది. నేను ఇంట్లో ఉండాలి. ఎందుకంటే నా మోకాళ్ళు మెట్లెక్కవు, ఆ గది మూడో అంతస్తులో ఉంది.

నా భయం చిన్నప్పటి నుంచీ ఒకటే. గుమ్మం దాటినవాళ్ళు తిరిగి గుమ్మం ఎక్కుతారా లేదా అని. మా అమ్మ సంచి నేనే సర్దాను, రెండు రోజుల్లో వస్తానంది. మా ఆయన సంచీ నేనే సర్దాను, జీతం పెరుగుతుందని దూరప్రాంతం పనికి వెళ్ళారు. ఆ ఇద్దరి సంచులూ తిరిగొచ్చాయి, మనుషులు రాలేదు. అప్పటి నుంచి ఇంట్లోంచి ఎవరు వెళ్ళినా వాళ్ళ చొక్కాకి కింది బొత్తాం ఒకటి ఊడదీసి నా దగ్గర ఉంచుకుంటాను. తిరిగొచ్చాక కుడతానని చెప్తాను. ఇందులో శాస్త్రమేమీ లేదని నాకు తెలుసు. అయినా మా తమ్ముడి నీలం చొక్కా బొత్తాం ముందురోజే నా సూదుల డబ్బాలోకి చేరింది. మరదలి బట్టల జోలికి మాత్రం పోలేదు. జబ్బు ఆమెకి కాదు కదా అనుకున్నాను.

మా తమ్ముడు డ్రైవింగ్ నేర్పుతాడు. వీధిలో అందరూ బ్రేకు మాస్టారంటారు. నేర్పే కారులో వాడి వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళు దాన్ని తొక్కి తొక్కి, ఇంట్లో భోజనానికి కూర్చున్నా సరే, నచ్చని మాట వినబడితే కుడికాలు నేలకేసి నొక్కుతాడు. వాడికి తెలియకుండానే జరుగుతుందది. నోరు అబద్ధమాడినా ఆ కాలు ఆడదు.

జబ్బు మొదట కనిపెట్టింది నేనే. కనిపెట్టింది నేనంటే నా టేపు. నేను దర్జీదాన్ని. ముందుగదిలో మిషను, గోడకి వరుసగా మేకులు, మేకులకి ఒక్కొక్కరి కొలతకీ కత్తిరించిన కాగితం కటింగులు. వాడి మెడ కొలత పదేళ్ళుగా పదిహేనున్నర అంగుళాలు. ఆ ఏడాది ఫిబ్రవరిలో పదహారు వచ్చింది. లావెక్కావురా అని నవ్వబోయి టేపు కింద బొటనవేలు పెట్టాను. దవడ కింద, కుడివైపు, గోలీకాయంత గట్టిగా తగిలింది. నొప్పిగా ఉందా అంటే లేదన్నాడు. నొప్పి లేకపోతే మరీ చూపించుకోవాలిరా అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మందుల షాపతను ఇచ్చిన బిళ్ళలు మింగాడు, పుక్కిలించాడు, మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకున్నాడు. మార్చి, ఏప్రిల్, మే, జూన్. నెలకోసారి టేపు పట్టుకుని వెంటపడ్డాను. జూలైలో పదహారుంపావు వచ్చింది. ఆ రోజు చొక్కా కుట్టనని మొండికేశాను. అప్పుడు కదిలాడు.

చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మ సూది గుచ్చి చూసింది, గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చిన రోజు ముగ్గురం వెళ్ళాం. గుమ్మం దగ్గర వాడు మా ఇద్దర్నీ బల్ల మీద కూర్చోబెట్టి తానొక్కడే లోపలికి వెళ్ళాడు. భార్యని కూడా రమ్మనండి అని డాక్టరమ్మ అనడం తలుపు సందులోంచి మాకు వినబడింది. మా మరదలు లేచి నిలబడింది. వాడు తలుపు మూశాడు. ఆమె కాసేపు అలాగే నిలబడి, తర్వాత కూర్చుంది.

బయటికి వచ్చాక ఎందుకొచ్చిందట అని అడిగింది. సిగరెట్ల వల్ల అన్నాడు. పెళ్ళికి ముందు నుంచీ తాగేవాణ్ణి, నీకు తెలియకుండా దాచాను అన్నాడు. ఆసుపత్రి వరండా గచ్చు మీద వాడి కుడికాలు గట్టిగా నొక్కుకుంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. వీడు సిగరెట్టు తాగడమేమిటి? పొగ వాసన వస్తోందని నేర్చుకోవడానికి వచ్చినవాణ్ణి నడిరోడ్డు మీద కారులోంచి దింపేసిన మనిషి. కానీ ఆ మాట వీధంతా పాకింది. వచ్చిన ప్రతివాళ్ళూ "చూశారా, మంచివాడనుకున్నాం" అనేవాళ్ళే. పాలు పోసేవాడు కూడా బుద్ధి చెప్పాడు. మా తమ్ముడు తలొంచుకుని అన్నీ విన్నాడు. చెయ్యని తప్పుకి అంత శ్రద్ధగా తిట్లు తిన్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఇదీ ఆ ఆదివారం దాకా జరిగింది. అయిదో చొక్కా జేబు తిరగేస్తుంటే అప్పుడడిగాను, దేనికోసం వెతుకుతున్నావమ్మాయ్ అని.

"సిగరెట్ పెట్టె కోసం. ఒక్కటైనా దొరక్కపోదు కదా వదినా. నెల రోజుల్నుంచి వెతుకుతున్నాను. మంచం కింద చూశాను, కారు సీట్ల కింద చూశాను. పాతికేళ్ళు పక్కన పడుకున్నాను, ఒక్కనాడు వాసన పట్టలేకపోయాను. నాకు ముక్కుందా అసలు?"

అది విని ఊరుకోవాల్సింది. ఊరుకోవడం నా జాతకంలో లేదు. వాడు తాగి ఉంటే కదా నీకు వాసన వచ్చేది అన్నాను. మరి జబ్బెందుకొచ్చిందని అడిగింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది, ఆసుపత్రి చీటీ మీద చూసిన మూడక్షరాలు నేనెక్కడో ముందే చదివానని. హెచ్‌పీవీ.

నా చదువు సంగతి కొంచెం చెప్పాలి. నేను బడి మొహం చూడలేదు. కటింగులకి పాత పేపర్లు కత్తిరిస్తూ, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. చిన్న అక్షరాలు కనబడడం మానేశాక మా మరదలే తన దుకాణం నుంచి కళ్ళద్దాలు తెచ్చి నా ముక్కు మీద పెట్టింది. అయితే నా చదువంతా నా కత్తెర వదిలిపెట్టినంత మేరే. నేను చదివిన కథల్లో సగానికి ముగింపు చంక దగ్గర తెగిపోయింది. రాజుల చరిత్రలకి మెడ దగ్గర గుండ్రంగా కన్నం పడింది. నాకది అలవాటైపోయి, సగం చదివితే మొత్తం చదివినట్టే అనుకునేదాన్ని.

మూడో మేకు మీద కాలర్ల కటింగులు ఉంటాయి. వెతికితే దొరికింది. ఆరోగ్యం పేజీ. కాలర్ వంపులో అక్షరాలు కూడా వంగినట్టు కనిపించాయి. దాన్ని పట్టుకొచ్చి, మంచం అంచున కూర్చుని, కళ్ళద్దాలు సవరించుకుని గట్టిగా చదివాను.

గొంతు క్యాన్సర్ పొగ తాగేవాళ్ళకే వస్తుందనుకోవడం పొరపాటు అని ఉంది. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల కూడా వస్తుందని, అది ఆడామగా కలయిక వల్ల, అందులోనూ నోటి ద్వారా జరిగే కలయిక వల్ల గొంతులోకి చేరుతుందని ఉంది. ఆ మాట దగ్గర నా గొంతు తగ్గింది, అయినా ఆగలేదు. "ఎక్కువమందితో సంబంధాలున్న మగవారిలో" అని ఉంది. అక్కడితో కాలర్ అంచు అయిపోయింది.

నేను కాగితం దించి, చూశావా, సిగరెట్లు కాదు అన్నాను. గెలిచినట్టే అన్నాను. నా తమ్ముడి మీద పడ్డ మచ్చ తుడిచేశాననుకున్నాను. పెనం మీంచి తీసి పొయ్యిలో పడేశానని అర్థం కావడానికి నాకు ఆమె మొహం చూడాల్సి వచ్చింది.

"ఆ చివరి మాట మళ్ళీ చదవండి వదినా."

చదివాను. ఆ తర్వాతేముంది అని అడిగింది. తర్వాత లేదు, కత్తిరించేశాను అన్నాను. ఆమె చేతిలో ఉన్న చొక్కా జేబు చూడకుండానే మడతపెట్టి సంచిలో పెట్టింది. తర్వాత తన సంచి తీసుకుంది. రెండు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన. ఆఖర్న బీరువా పైనుంచి ఉన్ని స్వెట్టరు దించింది. నవంబరు సగానికల్లా వచ్చేస్తారుగా, స్వెట్టరెందుకు బరువు అన్నాను.

"ఉండనివ్వండి" అంది.

మధ్యాహ్నం వాడు డ్రైవింగ్ స్కూల్లో కారు తాళాలు అప్పగించి వచ్చాడు. భోజనాల దగ్గర నేను మాట కలపాలని, కాగితం సంగతి ఎత్తబోయాను. బల్ల కింద వాడి కాలు నొక్కుకుంటున్న చప్పుడు విని మానుకున్నాను. వాణ్ణి అడగాల్సింది ఆమె. ఆమె వాడి కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టి, మెత్తగా వండాను, మింగగలరా అని అడిగింది. అంతే.

మర్నాడు, సెప్టెంబరు చివరి సోమవారం, పొద్దున్న ఏడుకి వెళ్ళారు.

ఏడు వారాల సంగతులు నాకు ఫోనులోనే తెలిశాయి. కరెంటు పెట్టేముందు పాడైన పళ్ళు రెండు తీశారు. మొహానికి సరిగ్గా సరిపోయే వల లాంటి ముసుగు చేసి, దాన్ని బల్లకి బిగించి, కదలకుండా పడుకోబెట్టేవారు. మొదటిరోజు వాడి కాలు బల్లని తొక్కుతూనే ఉందట, పాదాలు కూడా కట్టమంటారా అని అక్కడివాళ్ళు అడిగారట. ఇది చెప్పినప్పుడు మా మరదలు నవ్వింది. మూడో వారానికి వాడికి రుచి పోయింది. నాలుగో వారానికి లాలాజలం పోయింది. అయిదో వారానికి గొంతు పోయింది. మాట్లాడొద్దన్నారు. పలక కొనుక్కున్నారు.

ఆ పలక మీద ఆమె అడిగింది. వాడు నిద్రలేచి, గంజి తాగి, ఓపికగా కూర్చున్న పూట చూసి, తను కూడా మాట్లాడకుండా రాసిందట. ఆ రోజు డాక్టరమ్మ నిజంగా ఏమంది అని. వాడు "తర్వాత" అని రాశాడట. వారం ఆగి మళ్ళీ రాసింది. పలక మూల ఆ "తర్వాత" ఇంకా చెరపలేదట, వాడు దాన్నే వేలితో చూపించాడట. ఈ సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది. తెలిసిన రోజు ఆ పలక నా చేతిలో ఉంటే వాడి నెత్తి మీదే పగలగొట్టేదాన్ని.

అయినా ఆమె చేయాల్సింది ఒక్కటీ మానలేదు. గంటకోసారి నోరు పుక్కిలించడానికి ఉప్పునీళ్ళు, మెడ మీద మాడిన చర్మానికి పూత, వడకట్టిన గంజి. ఒక్కరోజు కూడా వాడు ఒంటరిగా ఆసుపత్రి మెట్లెక్కలేదు. ఇది ఆమె చెప్పలేదు, వాడే చెప్పాడు.

నవంబరు పద్దెనిమిదిన ఇంటికి పంపారు. వాడి దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న ఒక టీచరమ్మ తన కారు తీసుకెళ్ళింది. దారి పొడుగునా పక్కసీట్లో లేని బ్రేకు తొక్కుతూనే వచ్చాడట. నేను మధ్యాహ్నం నుంచి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కారు ఆగింది. వాడు దిగాడు. ముందు సీట్లోంచి టీచరమ్మ దిగింది. వెనకాల తలుపు ఇంకా తెరుచుకుంటుందని చూశాను. తెరుచుకోలేదు.

మా మరదలు తన చెల్లెలి దగ్గర నాలుగు రోజులుండి వస్తానందట. సంచులన్నీ కారులో తనే సర్ది, వాడి ఒళ్ళో దిండు పెట్టి, ఆ వీధి చివర బస్సెక్కిందట.

వాణ్ణి కూర్చోబెట్టి ముందు మెడ కొలిచాను. పద్నాలుగు. గోలీకాయ లేదు. వైరస్ వల్ల వచ్చినది మందుకి బాగా లొంగుతుందని, మళ్ళీ మళ్ళీ చూపించుకుంటూ ఉండాలని డాక్టరమ్మ చెప్పిందట. నీలం చొక్కాకి బొత్తాం కుట్టాను. కుడుతూ అడిగాను, ఆ గదిలో ఏం చెప్పిందిరా అని. గుసగుసగా చెప్పాడు. పెళ్ళికి ముందు, లారీ డ్రైవింగ్ నేర్చుకునే రోజుల్లో, ఒకామెతో ఎనిమిది నెలలు. అంతే. పెళ్ళయ్యాక ఎవరూ లేరు. అప్పుడు నేను వాడి కాలు చూశాను. కదల్లేదు.

ఆ ముక్క చెప్పేస్తే పోయేది కదరా అన్నాను.

"అది చెప్పలేకే కదక్కా సిగరెట్లన్నాను" అన్నాడు.

మగవాళ్ళ బుర్రలు ఎవరు కత్తిరిస్తారో గానీ, కొలత తీసుకోకుండా కత్తిరిస్తారు.

నాలుగు రోజులయ్యాయి, పదిరోజులయ్యాయి. ఒకనాడు దుకాణం వాళ్ళు ఆమెకి కొత్త కోటు కుట్టమని గుడ్డ పంపారు. వాళ్ళకి ఆమె రావట్లేదని ఇంకా తెలియదు. ఆమె కటింగు తీద్దామని తొమ్మిదో మేకు దగ్గరికెళ్ళాను. ఆమె జాకెట్టు చేతి కటింగు చంక వంపు వెంట చిన్న అక్షరాలున్నాయి. చదివాను. కూర్చున్నాను. కాలర్ తెచ్చి దాని పక్కన పెట్టాను. రెండూ ఒకే పేజీ. కాలర్ ఎక్కడ ఆగిందో చెయ్యి అక్కడే మొదలైంది.

ఈ ముప్పు కొంత ఎక్కువ అని ఉంది. అయితే జీవితంలో ఒక్కరితోనే కాపురం చేసినవారికి కూడా రావచ్చని ఉంది. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది, ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది, కొద్దిమందిలో ఉండిపోయి ఇరవై ముప్పై ఏళ్ళకి జబ్బవుతుంది. అందువల్ల ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. భార్యాభర్తలు ఒకర్నొకరు అనుమానించుకోనవసరం లేదు. ఆడపిల్లలకీ మగపిల్లలకీ చిన్నతనంలోనే టీకా వేయించాలి.

అంత కాగితం ఆరేళ్ళు ఆమె చంక వంపులోనే ఉంది.

వెంటనే ఫోన్ చేశాను. అమ్మాయ్, రెండో సగం దొరికింది అని చెప్పి, ఊపిరి తీసుకోకుండా చదివాను. ఆమె చివరిదాకా విన్నది.

"ఒక్కరితోనే కాపురం చేసినవాళ్ళకి ఎవరి నుంచి వస్తుంది వదినా? మొదటి సగం ఆయన్నంది, రెండో సగం నన్నంటోంది."

అలా కాదు, ఎవర్నీ అనడం లేదు అని ఏదో చెప్పబోయాను. పెళ్ళికి ముందు వాడికి ఒకామె ఉండేదని కూడా చెప్పేశాను. ఇది నా నోటి నుంచి రావాల్సిన మాట కాదని తెలిసినా చెప్పేశాను. ఆమె కోపగించుకోలేదు. ఆయన ఆరో వారం నిద్రలో ఏడుస్తుంటే అలాంటిదేదో ఉందని నాకూ అనిపించింది అంది.

"ముప్పై ఏళ్ళ కిందటి మనిషితో నాకేం పేచీ లేదు వదినా. మీరిద్దరూ నాకు చెరో సగం చెప్పారు. మొత్తం చెప్పగలిగింది ఆ డాక్టరమ్మ ఒక్కతే. రమ్మని పిలిచింది కూడా. నేను లేచి నిలబడితే ఆయన నా మొహం మీద తలుపేశారు. రోజూ ఆయనకి గంజి వడకడుతుంటే నాకు ఆ తలుపే కనిపించేది."

నేను వాడికి ఫోన్ ఇచ్చాను. వాడికి గొంతు ఇంకా రాలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. వాడి కాలు మాత్రం నేలని నొక్కుతూనే ఉంది. ఆపేందుకు అక్కడేమీ లేకపోయినా.

రెండు ముక్కలూ వెనక అట్ట పెట్టి అతికించి పోస్టులో పంపాను. డాక్టరమ్మ ఫోన్ నంబరు కూడా రాశాను. డాక్టరమ్మతో మాట్లాడిందని, ఈ వైరస్‌కి ఆడవాళ్ళు చేయించుకోవాల్సిన గర్భసంచి పరీక్ష చేయించుకుందని, ఏమీ లేదని వాళ్ళ చెల్లెలు చెప్పింది. అట్ట అందిందని కూడా చెప్పింది.

ఇప్పుడు కటింగులకి నేను తెల్లకాగితమే వాడుతున్నాను. బడి బట్టల కొలతలకి పిల్లల్ని తీసుకొచ్చే తల్లులందరికీ టీకా సంగతి చెప్తాను. మగపిల్లాడికెందుకండీ అంటారు. మెడ మీద టేపు అలాగే ఉంచి మొదటి నుంచి చివరిదాకా చెప్తాను. కొంతమంది వింటారు, కొంతమంది కొలత అయిందా అని అడుగుతారు.

మా తమ్ముడు మళ్ళీ డ్రైవింగ్ నేర్పుతున్నాడు. నీళ్ళసీసా లేకుండా గుమ్మం దాటడు. మెడ పద్నాలుగుంపావు.

మా మరదలు తిరిగి రాలేదు. ఈ ఇంట్లోంచి సెప్టెంబరు చివరి సోమవారం వెళ్ళింది. వచ్చే సెప్టెంబరుకి నాలుగేళ్ళు.